కుక్కలు తిరగని నేల

నవంబరు 6, బుధవారం

ఈ డైరీ రొయ్యల మేత కంపెనీ వాళ్ళు మావారికిచ్చింది. ఆయన ఒక్క పేజీ కూడా ముట్టుకోలేదు. జనవరి నుంచి ఇప్పటిదాకా కాగితమంతా తెల్లగా పోయింది. ఎనిమిదో తరగతితో బడి మానేశాక నేను పెద్దగా రాసిందేమీ లేదు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. రానీ.

ఈరోజు కొత్తింటి హాలుకి చెక్క నేల చూడడానికి అమలాపురం వెళ్ళాం. విశాఖపట్నంలో రొయ్యలు కొనే షావుకారుగారి ఇంట్లో చూసి వచ్చినప్పటి నుంచీ ఆయనకి అదే ధ్యాస. అత్తయ్యగారి మోకాళ్ళకీ మంచిదట. చలికాలం టైల్స్ మీద అడుగు పెడితే ఆవిడకి నడుం దాకా లాగేస్తుంది.

కొట్టు ఆంజనేయప్రసాద్ గారిది. గోడ నిండా చెక్క ముక్కలు, చెరువు మట్టి రంగు నుంచి తేనె రంగు దాకా. ఒకదాని మీద చెయ్యి వేసి చూస్తున్నాను. ఇంతలో మా రొయ్యల చెరువులో ఏరేటరు ఆగిపోయిందని మావారికి ఫోను వచ్చింది. అది తిరగకపోతే రొయ్యలకి గాలి అందదు. ఫోను చెవికి పెట్టుకుని ఆయన రోడ్డు మీదికి వెళ్ళిపోయారు. కొట్లో నేనూ, ఆంజనేయప్రసాద్ గారూ మిగిలాం. కొత్తవాళ్ళ ముందు నా గొంతు ఎక్కడికి పోతుందో నాకే తెలియదు.

“ఇదిగోండమ్మా, పైన టేకు పొర, కింద ప్లైవుడ్డు. దీని మీద మెరుపు పాలిష్ కొడితే మొహం కనపడతాదండి.”

“ఆయ్.”

“కింద తేమ తగలకుండా షీటు పరుస్తామండి. మన నేల సంగతి తెలిసిందే కదండీ, జానెడు తవ్వితే నీళ్ళు.”

“ఆయ్.”

“ఇంట్లో కుక్కలూ అవీ తిరగవు కదండీ?”

“ఆయ్.”

“తిరగవన్నమాట. మంచిదండి. అయితే మెరుపుదే వేసేద్దాం.”

“ఆయ్.”

ఆయ్ అంటే విన్నానని. మా అమ్మ వాళ్ళింట్లో ఎవరు మాట్లాడుతున్నా మధ్య మధ్య ఆయ్ అనకపోతే, ‘ఏవే, చెవులున్నాయా లేదా’ అంటారు. తిరుగుతాయండి అని చెప్పాలనే అనుకున్నాను. ఆ మాట నాలిక మీదికి వచ్చేలోపు ఆంజనేయప్రసాద్ గారు ఇంకో చెక్క తీశారు.

మావారు లోపలికి రాగానే, “అమ్మగారు ఖాయం చేసేరండి” అన్నారు ఆంజనేయప్రసాద్ గారు. చూసుకోమని కొన్ని ముక్కలు సంచిలో వేసి ఇచ్చారు.

పర్వాలేదు. కొట్లో వాళ్ళు ఏవేవో అడుగుతుంటారు.

నవంబరు 8, శుక్రవారం

మా కుక్క టైగర్ని ఈ ఇంటి పక్కనే కడుతున్న కొత్తింట్లోకి తీసుకెళ్ళి చూశాను. వంటగదిలో టైల్స్ వేసేశారు. వాటి మీద వాడి కాళ్ళు నాలుగు వైపులకీ పోయాయి. లేవలేక నా వైపు చూశాడు. ముసలివాడు. వెనక కాళ్ళు సరిగా ఆనవు. ఈ పాత పెంకుటింటి గచ్చు మీద అయితే బాగానే తిరుగుతాడు.

నేను కాపరానికి వచ్చేటప్పటికే మావయ్యగారు లేరు. టైగర్ మావయ్యగారి కుక్క. అత్తయ్యగారు ఆ మాట ఎప్పుడూ అనరు. పొద్దున్నే మొదటి వాయి ఇడ్లీ మాత్రం వాడికే వేస్తారు.

రెండో కుక్క చిట్టి నాది. నిరుడు వానల్లో కాలువ గట్టు మీద దొరికింది. దాంతో అయితే నేను ఎంతసేపైనా మాట్లాడతాను.

నవంబరు 9, శనివారం

అన్నాల దగ్గర ఆయన అన్నారు: “కుక్కల్ని చెరువు దగ్గరికి పంపేద్దాం. అవి తిరిగితే ఆ పాలిష్‌కి పూచీ లేదంటున్నారు కొట్టువాళ్ళు. నువ్వు కూడా లోపలికి రానివ్వనని చెప్పేవంట కదా.”

నా నోట్లో ముద్ద ఉంది.

“ముందే చెప్పొచ్చు కదా వేణీ. నీకు ఇష్టం లేదని నాకేం తెలుసు? రోజూ నువ్వే అన్నం పెడుతుంటే ఇష్టమే అనుకున్నాను.”

కోపంగా అనలేదు. నా కోసమని అన్నారు. కోపంగా అన్నా బాగుండేది, ఏడ్చేదాన్ని. ఏడిస్తే దానితో పాటు ఏదో ఒక మాట బయటికి వచ్చేది.

“సోమవారం పంపేస్తాను. సరేనా?”

“ఆయ్.”

అత్తయ్యగారు మజ్జిగ పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు.

నవంబరు 10, ఆదివారం

చెరువు దగ్గర షెడ్డు ఉంది. కాపలాకి సత్తిబాబు ఉంటాడు. సముద్రపు గాలి బాగా వస్తుంది. టైగర్‌కి పర్వాలేదు. చిట్టికి పరిగెత్తడానికి చోటు. అక్కడే బాగుంటుంది వాటికి.

నవంబరు 11, సోమవారం

రొయ్యల ట్రేలు తీసుకెళ్ళే ఆటోలో ఎక్కించారు. టైగర్ని సత్తిబాబు ఎత్తుకున్నాడు. చిట్టి ఎటో తిరగడానికే అనుకుని తనే గెంతి ఎక్కింది.

అత్తయ్యగారు బయటికి రాలేదు. మొదటి వాయి ఇడ్లీ గిన్నెలో అలాగే ఉండిపోయింది.

నవంబరు 12, మంగళవారం

నేను ఎలాగూ తక్కువ మాట్లాడతాను. అత్తయ్యగారు కూడా మానేస్తే ఈ ఇల్లు ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఫ్రిజ్ చప్పుడు కూడా వినిపిస్తోంది.

నవంబరు 14, గురువారం

చిట్టి వచ్చేసింది. ఉప్పలగుప్తం కాలువ గట్టు పట్టుకుని వచ్చినట్టుంది, పొట్ట దాకా బురద. నన్ను చూసి అరవలేదు. వచ్చి నా పాదాల మీద కూర్చుంది. దాని బరువు అలాగే ఉంచుకుని బియ్యం కడిగాను.

“మళ్ళీ పంపడానికి ఇప్పుడు తీరిక లేదు. పెరట్లో కట్టెయ్” అన్నారు ఆయన. పెరటి గుమ్మం దగ్గర అంతా చిత్తడి. సంచిలో ఉన్న చెక్క ముక్కలు పరిచి, వాటి మీద కూర్చోబెట్టి కట్టాను. నీళ్ళ గిన్నె కూడా ఒక ముక్క మీద పెట్టాను.

మధ్యాహ్నం పక్కింటి సావిత్రిగారు వచ్చారు. నేను వంటింట్లో ఉన్నానని ఆవిడకి తెలుసు. తెలిసే అన్నారు.

“మీ కోడలు కుక్కల్ని గెంటించేసిందంట కదా వదినా! నోరు లేని పిల్ల, నోరు లేని పిల్ల అంటా మురిసిపోయేవు.”

“దాని ఇల్లు. దాని ఇష్టం” అన్నారు అత్తయ్యగారు.

సావిత్రిగారు అన్నదానికి ఏమీ అనిపించలేదు. అత్తయ్యగారి మాటకే పోపు మాడ్చేశాను.

నవంబరు 17, ఆదివారం

ఈరోజు చెబుతాను.

నవంబరు 18, సోమవారం

చెప్పలేదు. చెరువులో నీళ్ళు మార్చి అలసిపోయి వచ్చారు. అలాంటప్పుడు చెప్పడం బాగుండదు.

నవంబరు 20, బుధవారం

ఈరోజు ఆయనకి పని లేదు. అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నారు. కాఫీ ఇచ్చి వెళ్ళకుండా నిలబడ్డాను.

“ఏవండీ.”

“ఊఁ.”

“ఆ చెక్క నేల...”

“నచ్చింది కదా నీకు?”

“ఆయ్.”

నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది. ‘కదా’ అని అడిగితే నా నోరు దానంతట అదే ఆయ్ అంటుంది. ‘ఏం కావాలి?’ అని అడిగితే చెబుతానేమో. అలా ఎవరూ అడగరు. అడిగినా చెబుతానో లేదో.

నవంబరు 22, శుక్రవారం

అత్తయ్యగారు చెరువు దగ్గరికి వెళతానన్నారు. ఆవిడ చెరువు గట్టు ఎక్కి ఎన్నాళ్ళయిందో. ఆటోలో ఇద్దరం వెళ్ళాం. టిఫిను డబ్బా ఆవిడ ఒళ్ళో పెట్టుకున్నారు.

టైగర్ షెడ్డులో మేత సంచుల పక్కన పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి ముందు కాళ్ళ మీద లేచాడు, వెనకవి రాలేదు. తోక ఒక్కటే ఇసుకలో అటూ ఇటూ కొట్టుకుంది.

“అన్నం సరిగా తినట్లేదండి” అన్నాడు సత్తిబాబు. “రోడ్డు కేసే చూత్తా ఉంటాడండి.”

అత్తయ్యగారు చీర పాడవుతుందని కూడా చూసుకోకుండా కింద కూర్చున్నారు. ఆ మోకాళ్ళతో. ఇడ్లీ తుంచి నోటికి అందించారు. వాడు తిన్నాడు. అప్పుడు నా వైపు చూడకుండా అన్నారు:

“నీకు పడదని తెలిస్తే నేనే పెరట్లో కట్టేద్దును. నాతో అంటే సరిపోను. ఇంత దూరం పంపక్కర్లేదు.”

“అత్తయ్యగారూ...”

ఆవిడ తల తిప్పి చూశారు. ఆగారు. ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు. నేను చెప్పాల్సింది ఆరేడు మాటలు కూడా ఉండవు.

“మంచినీళ్ళు కావాలాండీ?” అన్నాను.

నవంబరు 23, శనివారం

ఆవిడ నా గురించి అలా అనుకోవడమే నయమేమో. ఇప్పుడు నిజం చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు, ఇక్కడ రాద్దామన్నా.

నవంబరు 25, సోమవారం

పెరట్లో పరిచిన చెక్క ముక్కలు కడిగాను. కడుగుతూ చూశాను.

మెరుపు పాలిష్ టేకు మీద చిట్టి గోళ్ళ గీతలు తెల్లగా, సుద్దతో గీసినట్టు పడ్డాయి. దూరానికి కూడా కనపడుతున్నాయి. చెక్కలా అచ్చువేసిన కాగితం అంటించిన ముక్క ఒకటుంది, లామినేటంటారు దాన్ని. దాని మీద గీతలు లేవు కానీ, నీళ్ళ గిన్నె కింద ఉన్న అంచు నానిన అప్పడంలా లేచింది. మూడోది మెరవదు. ఊరికే చెక్కలా ఉంటుంది. చేత్తో నిమిరితే చారలు వేలికి తగులుతాయి. దాని మీదా గోళ్ళు పడ్డాయి, కానీ ఆ చారల్లో కలిసిపోయాయి. ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పితే తప్ప దొరకవు.

చిట్టి కూడా దాని మీదే పడుకుంటోంది. మెరుపుదాని మీద నిలబెడితే కాళ్ళు జారి దిగిపోతోంది.

టైగర్ దీని మీద అయితే నిలబడతాడు.

ఎందుకు చూశానో. అక్కడ ఖాయం చేసేశారు.

నవంబరు 28, గురువారం

పెట్టెలు వచ్చాయి. కొత్తింటి హాల్లో గోడ వారన పేర్చారు. రేపు మొదలెడతారట. మాఘమాసంలో గృహప్రవేశం కాబట్టి ఇప్పుడైతేనే అన్నీ తెములుతాయట.

రేపు చిట్టిని కూడా చెరువు దగ్గరికి పంపేస్తారు.

నవంబరు 29, శుక్రవారం

జరిగినట్టే రాస్తాను.

ఆంజనేయప్రసాద్ గారు ఇద్దరు పనివాళ్ళతో వచ్చారు. ఒక పెట్టె ముందు నిలబడి, “విప్పే ముందు పెట్టెకి పసుపు బొట్టు పెట్టండమ్మా, శుభం” అన్నారు. అత్తయ్యగారు పసుపు, కుంకుమ ఉన్న పళ్ళెం నా చేతికిచ్చారు.

“కానీ. నీ నేల కదా” అన్నారు.

కదా.

నోరు తెరిచాను. ఆయ్ అని వచ్చేదే. పెరట్లో చిట్టి గొలుసు లాగిన చప్పుడు వినిపించింది. పసుపులో ముంచిన వేలు పెట్టె దగ్గర దాకా వెళ్ళి ఆగిపోయింది.

“వద్దండి” అన్నాను.

నా గొంతేనా అనిపించింది. అంత పెద్దగా అనాలని అనుకోలేదు. ఖాళీ హాలు కదా, గోడలకి తగిలి మళ్ళీ వినపడింది.

“ఏం వద్దు?” అన్నారు మావారు.

“ఈ చెక్క వద్దండి. కుక్కలు రావని నేను అనలేదండి. వస్తాయండి. రావాలండి.”

“అమ్మగారూ, నేను రెండుసార్లు అడిగేనండి!” అన్నారు ఆంజనేయప్రసాద్ గారు. “మీరు రెండుసార్లూ ఆయ్ అన్నారండి!”

“రెండుసార్లూ విన్నానండి. విన్నానని అన్నానండి.”

పనివాళ్ళలో ఒకతను గోడ వైపు తిరిగిపోయాడు.

మావారి ముఖం ఎర్రబడింది. “మరి కుక్కల్ని పంపేస్తాను సరేనా అంటే? నాతో కూడా ఆయ్ అన్నావు!”

“అదీ విన్నాననేనండి.”

“ఇన్నాళ్ళూ చెప్పడానికేం? నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా? ఆ ముసలాణ్ణి అక్కడ ఇసకలో పడుకోబెట్టేను, నీ కోసవని!”

కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. పసుపు చేత్తోనే తుడుచుకున్నాను.

అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడా ఏడుస్తున్నారనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారు.

“ఒరేయ్ సతీషూ! పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు, అబ్బాయి నచ్చేడు కదమ్మా అని నేనే అడిగేనురా. అప్పుడూ ఈ పిల్ల ఆయ్ అంది. అది కూడా విన్నాననేనేమో కనుక్కో ముందు!”

అందరూ నవ్వారు. ఆంజనేయప్రసాద్ గారు పెట్టె మీద కూర్చుని మరీ నవ్వారు. మావారు ఒక్కరే నవ్వలేదు. నా వైపు అదోలా చూశారు.

అప్పుడు పెరట్లోకి వెళ్ళి మూడు ముక్కలూ తెచ్చాను. ఏది ఎలా అయిందో చూపించాను. చూపించడానికి పెద్దగా మాట్లాడక్కర్లేదు, అది తేలిక.

“ఇది ఓక్ అని విదేశం చెక్కండి, నూనె పాలిష్‌ది” అన్నారు ఆంజనేయప్రసాద్ గారు మూడోదాన్ని తిప్పి చూసి. “గట్టిదేనండి. గీత పడితే ఇంత నూనె రుద్దుకుంటే కలిసిపోతాది. మెరవదని జనం అడగరు కాబట్టి నేనూ చూపించనండి. పెట్టెలు విప్పలేదు కదా, మార్చేస్తాను. ఒకటేనండి, దీని మీద మొహం కనపడదు.”

“మొహం చూసుకోవడానికి అద్దం ఉందిలెండి” అన్నారు అత్తయ్యగారు.

షావుకారుగారి హాలు మావారి కళ్ళ ముందు ఉందేమో. కొంచెంసేపు ఆ ముక్క పట్టుకుని బొటనవేలితో రుద్దారు.

“దీన్నే వేయించాలా?” అన్నారు చివరికి. ‘కదా’ అనలేదు.

“దీన్నే వేయించండి” అన్నాను.

ఆయన వెంటనే సత్తిబాబుకి ఫోను చేశారు.

నవంబరు 30, శనివారం

టైగర్ వచ్చాడు. అదే ఆటోలో. ఒళ్ళంతా ఉప్పు వాసన. అత్తయ్యగారు వేణ్ణీళ్ళు కాచారు, నేను రుద్దాను. మధ్యలో ఆవిడ ఉన్నట్టుండి నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేశారు. గట్టిగానే వేశారు.

“ఆ రోజు చెరువు దగ్గర, మంచినీళ్ళు కావాలా అని అడిగేవు చూడు, అందుకు” అన్నారు.

డిసెంబరు 19, గురువారం

నేల పరిచేశారు. మెరవదు. సావిత్రిగారు వచ్చి చూసి, “పాలిష్ ఎప్పుడు కొడతారు?” అన్నారు.

“అయిపోయిందండి” అన్నాను. నేనే అన్నాను.

ఫిబ్రవరి 12

కొత్త డైరీ అడగలేదు. ఇందులోనే వెనక్కి వచ్చి ఫిబ్రవరి పేజీలో రాస్తున్నాను. వారాలు కలవవు, తేదీలు కలుస్తాయి. ఖాళీగా పోయిన పేజీలే కదా.

గృహప్రవేశం బాగా జరిగింది. టైగర్ హాలు మధ్యలో ఫ్యాను కింద చోటు చూసుకున్నాడు. లేచేటప్పుడు ఒక్కసారి వెనక కాళ్ళు వణుకుతాయి, తర్వాత ఆనుతాయి. వాడి తోక చెక్కకి తగిలితే వంటింట్లోకి వినపడుతుంది.

ఈరోజు పొద్దున్న ఆయన వంగి నేల మీద ఏదో చూస్తున్నారు. పెద్ద గీత. గోడ దగ్గర నుంచి టైగర్ పడుకునే చోటు దాకా వచ్చింది. నూనె రుద్దినా పోయేలా లేదు.

“అనుకుంటూనే ఉన్నాను. ఇది కుక్క పనే కదా?” అన్నారు నన్ను చూసి.

అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని, టైగర్ వీపు మీద పాదం ఆనించి, చాలా శ్రద్ధగా చిక్కుడుకాయలు వలుస్తున్నారు. తల ఎత్తి నాకేసి చూశారు. కనురెప్పలతోనే ఏదో చెప్పారు. ఏం చెప్పారో నాకు బాగా తెలుసు.

“కాదండి” అన్నాను. “అత్తయ్యగారి కుర్చీ అండి. రోజూ గోడ దగ్గర నుంచి టైగర్ దగ్గరికి లాక్కుంటారు.”

“చూసేవా! మాటలొచ్చేయి కదా అని ముందు నన్నే పట్టించేసింది” అని అత్తయ్యగారు చిక్కుడు తొక్క నా మీదికి విసిరారు. ఆయన ఎంత నవ్వారో! టైగర్ కూడా లేచి నిలబడ్డాడు, ఏదో తినేది పంచుతున్నారనుకుని.

ఆయన బండి తియ్యడానికి వెళుతూ గుమ్మంలో ఆగారు. అత్తయ్యగారు లోపలికి వెళ్ళే దాకా చెప్పుల్లో కాళ్ళు దూర్చుతున్నట్టు నిలబడ్డారు. తర్వాత మెల్లగా అడిగారు.

“అవును గానీ వేణీ, పెళ్ళిచూపులప్పుడు అమ్మ అడిగితే ఆయ్ అన్నావంట. అది ఏ ఆయ్?”

నవంబరు నుంచీ ఈ మాట మనసులో పెట్టుకుని తిరుగుతున్నారన్నమాట.

చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. ఆయనకి చెప్పేశాను కాబట్టి.